భాగవతంలో దాచిన పూలు

మా పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకోవాలని తమ్ముడు నిశ్చయించుకొన్న తరువాత, అటక మీది సామానులో నాకు కావలసినవి ఏమైనా ఉంటే వచ్చి తీసుకొమ్మని కబురు చేశాడు. కృష్ణా డెల్టాలో కాలువ ఒడ్డున రెండు వీధుల ఊరు మాది. ఇత్తడి గుండిగలు, విరిగిన ఉయ్యాల బల్ల, తాతయ్య లెక్కల పుస్తకాలు అన్నీ దించిన తరువాత అడుగున నాయనమ్మ ట్రంకు పెట్టె కనిపించింది. అందులో ఎర్రటి గుడ్డలో చుట్టిన పోతన భాగవతం ఉంది. ముడి విప్పగానే ఎండిన వేపాకు వాసన, కర్పూరం వాసన, పాత కాగితం వాసన కలిసి వచ్చాయి. వాటి వెనుక ముక్కుపుటాలను సన్నగా గిల్లుతూ మరొక వాసన కూడా తగిలింది. అది ముక్కుపొడి వాసన. నాయనమ్మ తన జీవితంలో ముక్కుపొడి ముట్టలేదు. ఆ అలవాటు తాతయ్యది. తాతయ్య ఆ పుస్తకం తెరవగా మా ఇంట్లో ఎవరమూ ఏనాడూ చూడలేదు.

పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకోగానే దశమ స్కంధంలో రుక్మిణీ కల్యాణం దగ్గర దానంతట అదే తెరుచుకొంది. ఆ పుటల మధ్య నందివర్ధనం పూలు ఎండి, రేకలు పలచబడి, కాగితానికి అంటుకుపోయి ఉన్నాయి. కొన్ని పూలు రాలి పొడి అయిపోయినా, వాటి మరక మాత్రం పద్యాల మీద పువ్వు ఆకారంలోనే నిలిచి ఉంది. ఆ పూలు ఎందుకు అక్కడ ఉన్నాయో చెప్పగలిగినవాళ్లలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

బాబాయి ఇల్లు విడిచి వెళ్లిపోయిన రోజులవి. పరీక్ష తప్పడం, తాతయ్య నలుగురిలో నోరు చేసుకోవడం, రాత్రి భోజనాల దగ్గర కంచం ముందు నుంచి బాబాయి లేచిపోవడం నాకు లీలగా గుర్తున్నాయి. తెల్లవారి చూస్తే వసారాలో పక్కబట్టలు మడతపెట్టి ఉన్నాయి, మనిషి లేడు. ఆ తరువాత రెండేళ్లపాటు ఉత్తరం ముక్క రాలేదు. తాతయ్య ఇంట్లో బాబాయి పేరు ఎత్తనిచ్చేవాడు కాదు. నాయనమ్మ ఆ పేరు దేవుడి దగ్గర మాత్రమే ఎత్తేది.

ప్రతి శనివారం పూజ ముగిశాక వెంకటేశ్వరస్వామి పటం పైఅంచున కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి తడిపిన నందివర్ధనం పూలు నిలబెట్టి, చేతులు జోడించి, "నిదర్శనం చూపించు తండ్రీ, వాడు క్షేమంగా ఉన్నాడా?" అని అడిగేది. కుడివైపు పువ్వు ముందు రాలితే క్షేమం, ఎడమవైపుది రాలితే మరొక వారం ఉపవాసం. రెండూ రాలని రోజు కూడా ఉండేది. ఆ రోజు పటం ముందు నుంచి కదిలేది కాదు. మేము బడి నుంచి మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి కూడా నాయనమ్మ పీట మీదే ఉండడం, తల మీది తడిబట్ట ఒంటి మీదే ఆరిపోవడం నాకు బాగా జ్ఞాపకం. కుడివైపు రాలిన పువ్వును కళ్లకద్దుకొని భాగవతంలో పెట్టేది. ఎడమవైపు రాలినదాన్ని తులసికోటలో వేసేది. అందుకే పుస్తకంలో మిగిలినవన్నీ మంచి జవాబులే.

సాయంత్రం దీపాలు పెట్టాక మా వీధి అరుగు మీద పురాణ కాలక్షేపం సాగేది. ఎదురింటి అత్తయ్యగారు చింతపండులో గింజలు ఏరుతూ, వెనకింటి పిన్నిగారు చంటిపిల్లను ఒళ్లో జోకొడుతూ, మరో నలుగురైదుగురు ఒత్తులు చేసుకుంటూ కూర్చొంటే, నాయనమ్మ లాంతరు వత్తి పెంచి, కళ్లజోడు దారం చెవికి తగిలించుకొని, పద్యం రాగయుక్తంగా చదివి అర్థం చెప్పేది. ఏ కథ మొదలుపెట్టినా నాలుగు రోజుల్లో మళ్లీ రుక్మిణి దగ్గరికే వచ్చేది. పెళ్లి ఘడియ దగ్గర పడుతోంది, శిశుపాలుడు సేనతో విడిది దిగాడు, కృష్ణుడికి సందేశం తీసుకువెళ్లిన అగ్నిద్యోతనుడు తిరిగి రాలేదు. అప్పుడు ఆ అమ్మాయి మనసులో కలిగిన సందేహాలను పోతనగారు ఒకే పద్యంలో పేర్చారు.

"ఘనుడా భూసురుడేగెనో, నడుమ మార్గశ్రాంతుడై చిక్కెనో,
విని కృష్ణుండది తప్పుగా దలచెనో, విచ్చేసెనో, యీశ్వరుం
డనుకూలింప దలంచునో, తలపడో, యార్యామహాదేవియున్
నను రక్షింప నెరుంగునో, యెరుగదో, నా భాగ్యమెట్లున్నదో!"

అందులో తొమ్మిది ప్రశ్నలున్నాయి. నాయనమ్మ ప్రతి ప్రశ్న దగ్గరా ఆగేది. ఆగినప్పుడల్లా గింజలు ఏరే చేతులు కూడా ఆగేవి. నేను తరువాతి కాలంలో ఈ పద్యాన్ని తరగతి గదిలో ఎన్నో ఏళ్లు చెప్పాను, ఛందస్సు చెప్పాను, అలంకారం చెప్పాను, కానీ ఆ అరుగు మీద విన్నప్పటి బరువు నా గొంతులో ఎన్నడూ పలకలేదు. ఎందుకంటే మధ్యాహ్నం తపాలా మనిషి సైకిలు మా గుమ్మం దాటి ముందుకు పోయిన తరువాత నాయనమ్మ ముఖంలో కనబడేవి కూడా సరిగ్గా ఆ తొమ్మిది ప్రశ్నలే. మనిషి బయలుదేరాడో, దారిలో చిక్కాడో, మాట తప్పుగా పట్టిందో, రావాలనుకొంటున్నాడో లేదో!

తరువాత రుక్మిణికి ఎడమ తొడ, ఎడమ కన్ను, ఎడమ భుజం అదురుతాయి. అంతలో అగ్నిద్యోతనుడు వస్తాడు. ఆ చోటుకు రాగానే అరుగు మీది ఆడవాళ్లందరూ తమకు తెలియకుండానే ఎడమ కంటి మీద చెయ్యి వేసుకొనేవారు. అడిగినవాళ్లకు జవాబు ఎక్కడో ఆకాశంలో ఉరుములా రాక, వాళ్ల ఒంట్లోనే ఒక చిన్న అదురుగా రావడం మన కథల్లో నాకు ఎంతో ఇష్టమైన సంగతి. వాల్మీకి రామాయణంలో సీతమ్మకు కూడా అంతే. అశోకవనంలో ఇక ఓర్చుకోలేక, తన జడనే ఉరితాడు చేసుకొని ప్రాణం తీసుకోవాలని శింశుపా వృక్షం కొమ్మ పట్టుకొని నిలబడినప్పుడు ఆమె ఎడమ కన్ను అదిరింది. చేప తగిలి కదిలిన ఎర్రతామరలాగా అదిరిందని అంటాడు కవి. నీటి అడుగున చేప ఉన్నట్టు పైకి తెలియదు, పువ్వు కదలిక ఒక్కటే కనిపిస్తుంది. ఆ సమయానికి హనుమంతుడు ఆ చెట్టు కొమ్మల్లోనే దాగి ఉన్నాడన్న సంగతి ఆమెకు తెలియదు, వినే మాకు తెలుసు. ఊపిరి బిగబట్టి వినేవాళ్లం.

పుస్తకంతో ప్రశ్న చూడడం కూడా ఉండేది. కళ్లు మూసుకొని పుస్తకం తెరిచి, కొబ్బరి ఈనెపుల్ల ఎక్కడ ఆనితే అక్కడి పద్యాన్ని జవాబుగా తీసుకోవడం. నాయనమ్మ ఎప్పుడు తెరిచినా రుక్మిణీ కల్యాణమే వచ్చేది. వచ్చినప్పుడల్లా ఆమె కళ్లు చెమర్చేవి. రోజూ అక్కడే చదవడం వల్ల కుట్లు అక్కడే వదులై, పుస్తకం ఆ పుటకే అలవాటు పడిందని నాకు పదేళ్ల వయసులోనే తెలిసిపోయింది. తెలిసినా చెప్పలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఇంటి లెక్కలన్నీ నోటితో చేసే ఆ మనిషికి ఆ మాత్రం తెలియకుండా ఉంటుందా అనిపిస్తుంది.

మా ఇంటి నడవలో నాలుగు టేకు స్తంభాలుండేవి. వీధి భాగవతులు ఏటా వేసవిలో మా ఊరికి వచ్చి ప్రహ్లాద నాటకం ఆడేవారు. అది చూసిన మరునాటి నుంచి పిల్లలం ఆ స్తంభాల చుట్టూ అదే ఆట ఆడుకొనేవాళ్లం. నేను ఎప్పుడూ హిరణ్యకశిపుణ్ణే. గద బదులు రోకలి పట్టుకొని, "ఈ స్తంభంబున జూపగలవె చక్రిం గిక్రిన్" అని అరిచేదాన్ని. చక్రి అంటే విష్ణువు. "గిక్రి" అనే మాటకు అర్థం ఏమీ లేదు, అది ఈసడింపు. కాఫీ గీఫీ అన్నట్టుగా దేవుడి పేరును కూడా అలా విసిరేశాడు ఆ రాజు. అతనూ నిదర్శనమే అడిగాడు, అతనికీ వచ్చింది. భయపడినవాడికి, ఆశపడినవాడికి వచ్చినట్టే ధిక్కరించినవాడికి కూడా వచ్చిందని, అయితే ఎవరు ఏ గొంతుతో అడిగారో ఆ గొంతుకు తగ్గట్టే వచ్చిందని నాయనమ్మ చెప్పేది.

ఒక మధ్యాహ్నం అందరూ నిద్రపోతుండగా నేను ఆ స్తంభానికి చెవి ఆనించి విన్నాను. లోపల కిరకిరమని సన్నని శబ్దం వినిపించింది. పరుగున వెళ్లి నాయనమ్మను లేపాను. ఆమె వచ్చి తానూ చెవి ఆనించి, చాలాసేపు విని, పురుగు తొలుస్తోందని చెప్పి, మరునాడు కిరసనాయిలు పట్టించింది. కానీ విన్నంతసేపూ ఆమె కళ్లు మూసుకొనే ఉంది.

శ్రీరామనవమికి రామాలయం ముందు తాటాకు పందిరి వేసి తొమ్మిది రాత్రులు హరికథలు చెప్పించేవారు. ఆ ఏడు వచ్చిన దాసుగారు విజయనగరం ఆదిభట్ల నారాయణదాసుగారి (1864–1945) బాణీలో కథ చెబుతారని పెద్దలు చెప్పుకొన్నారు. పెట్రోమాక్స్ లైట్ల బుస్సుమనే చప్పుడు, మిరియం ఘాటు కలిసిన పానకం వాసన, పట్టుపంచె, మెడలో పూలదండ, కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు, ఒక పక్క వయొలిను, మరొక పక్క మృదంగం. "శ్రీమద్రమారమణ గోవిందో" అని ఆయన ఎత్తుకొంటే, "హరి" అని పందిరంతా పలికేది.

ఆ రాత్రి కథ దమయంతీ స్వయంవరం. దమయంతి నలుణ్ణి వరించింది. ఆమె కోసమే వచ్చిన ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు కూడా నలుడి రూపమే ధరించి అతని పక్కన కూర్చొన్నారు. దండ చేతపట్టుకొని వచ్చిన అమ్మాయికి ఒకే పోలికతో ఐదుగురు నలులు కనిపించారు. దాసుగారు పందిరి ముందు వరుసలోని ఐదుగురు మగవాళ్ల ఎదుట ఒక్కొక్కరి దగ్గరా ఆగి, ముఖంలోకి తేరిపార చూసి, తల అడ్డంగా ఊపుతూ తిరిగి వచ్చాడు. జనం నవ్వారు. మళ్లీ అదే చేశాడు. రెండవసారి నవ్వు తగ్గింది. మూడవసారి ఎవరూ నవ్వలేదు. అప్పుడాయన చిడతలు కింద పెట్టేసి, వాద్యాలు ఆపించి, మామూలు మాటల్లో, చేతులు జోడించి దమయంతిలా అడిగాడు. నేను మాటలోగాని మనసులోగాని నలుణ్ణి తప్ప మరొకరిని కోరి ఉండకపోతే, ఆ సత్యం మీద ఆన, దేవతలారా, మీ నిజరూపం చూపి అతణ్ణి నాకు గుర్తుపట్టించండి అని అడిగాడు.

దేవతలు కరిగారు. తమ గురుతులు బయటపెట్టారు. నలుగురికి చెమట లేదు, కనురెప్ప పడదు, మెడలో దండ వాడలేదు, పాదాలు నేలకు ఆనలేదు. ఐదవవాడికి నీడ ఉంది, చెమట ఉంది, ఒంటి మీద దుమ్ము ఉంది, దండ వాడింది, రెప్ప పడుతోంది, కాళ్లు నేల మీద ఉన్నాయి. దమయంతి ఆ దండను అతని మెడలో వేసింది. దాసుగారు ఇక్కడ తన నుదుటి చెమటను వేలితో తుడిచి లైటు వెలుగులో అందరికీ చూపించి, "ఇదమ్మా ఆమె అడిగిన నిదర్శనం!" అన్నాడు. ఆ మాటకు పందిరంతా ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయింది. వేల్పులను అడిగితే వాళ్లు చూపించిన గుర్తు మనిషి చెమట, మనిషి నీడ! నాయనమ్మ ఇంటికి వస్తూ దారిపొడవునా మాట్లాడలేదు. గుమ్మం దగ్గర మాత్రం, "వాడికి చెమట ఎక్కువ పోసేదే, చొక్కా వీపున ఎప్పుడూ తడిసే ఉండేది" అంది. ఎవరి గురించి అని నేను అడగలేదు.

అడిగినవాళ్లను తప్పుపట్టే మాట అరుగు మీద వచ్చిందంటే నాయనమ్మ ఊరుకొనేది కాదు. కిష్కింధలో సుగ్రీవుడి కథ చెబుతున్నప్పుడు ఎదురింటి అత్తయ్యగారు, సాక్షాత్తూ రాముడే వచ్చి అభయమిస్తే ఇంకా పరీక్షలేమిటని విసుక్కొంది. నిజంగానే సుగ్రీవుడు రెండుసార్లు అడిగాడు. వాలి చంపిన దుందుభి రాక్షసుడి ఎముకల గూడును రాముడు కాలి బొటనవేలితో పది యోజనాలు విసిరినా, అప్పటి కళేబరం మాంసంతో బరువుగా ఉండేది, ఇప్పుడు ఎండిపోయి తేలికైందని గొణిగాడు. అప్పుడు రాముడు ఒకే బాణంతో ఏడు సాలవృక్షాలను కొట్టాడు. నాయనమ్మ పుస్తకం మూసి, "దెబ్బ తిన్నవాడికి నమ్మకం ఒక్కసారితో కుదరదు వదినా, రాముడికి అది తెలుసు గనుకనే విసుక్కోకుండా రెండోసారీ చూపించాడు" అంది. కుంతిదేవి కథ మాత్రం త్వరగా దాటించేది. దుర్వాసుడిచ్చిన మంత్రం పనిచేస్తుందో లేదో చూద్దామని సూర్యుణ్ణి పిలిచి, వచ్చిన జవాబును నదిలో విడవవలసి వచ్చిన ఆ పిల్ల కథ చదివిన రోజు అరుగు తొందరగా ఖాళీ అయ్యేది.

తాతయ్య ఈ సభకు ఎన్నడూ రాలేదు. అరుగు రెండవ చివర నవారు మంచం మీద వీధి వైపు తిరిగి పడుకొని, మధ్యమధ్య పొడి డబ్బా మూత తెరిచి మూసే చప్పుడు మాత్రం చేస్తుండేవాడు. ఒక వానాకాలపు రాత్రి నాకు మెలకువ వచ్చి మంచినీళ్ల కోసం లేచాను. అరుగు మీద చీకట్లో ఎవరో మెల్లగా పద్యం చదువుతున్నారు. తలుపు సందులోంచి విన్నాను.

"కలడందురు దీనులయెడ,
గలడందురు పరమయోగి గణముల పాలం,
గలడందు రన్నిదిశలను,
గలడు కలండనెడివాడు కలడో లేడో!"

తాతయ్య గొంతు అది. గజేంద్రుడు మొసలితో వేయి సంవత్సరాలు పోరాడి, ఒంట్లో సత్తువ లేక, పిలిచీ పిలిచీ, చివరకు పిలుస్తున్నవాడు అసలు ఉన్నాడా అని అడిగిన పద్యం. ఎనిమిదవ స్కంధంలో ఈ పద్యం తరువాత జవాబు వెంటనే రాదు. బ్రహ్మాదులు విని కూడా ఊరకే ఉండిపోయారని, తమకు విశ్వమయత, అంటే విశ్వమంతటా నిండి ఉండే గుణం, లేదు గనుక అడ్డుపడలేదని పోతనగారు చెప్పారు. విని ఊరకే ఉండిపోవడం! చిన్నప్పుడు ఆ మాట నాకు కోపం తెప్పించేది. ఆ రాత్రి కోపం రాలేదు, భయం వేసింది. తాతయ్య ఆ ఒక్క పద్యమే చదివి ఆగిపోయాడు. ఆ తరువాత కొన్ని పద్యాలకు వచ్చే "లావొక్కింతయు లేదు" పద్యం ఊళ్లో పిల్లలకు కూడా నోటికి వచ్చు. కానీ దాని దాకా ఆయన రాలేదు. "నీవే తప్ప నితఃపరంబెరుగ" అనడం ఆయనకు చాతకాలేదో, అనాలనుకొని ఆగిపోయాడో తెలియదు. నీళ్లు తాగకుండానే వెళ్లి పడుకొన్నాను.

ఉత్తరం వచ్చింది. అది శనివారం కాదు, ఆ రోజు ఎవరూ పువ్వు పెట్టలేదు. మిద్దె మీద నాయనమ్మ గుమ్మడి వడియాలు పెడుతోంది, నేను కాకులను తోలుతున్నాను. కింద సైకిలు గంట మోగి, "మామ్మగారూ!" అన్న కేక వినిపించింది. మెట్లు దిగి వచ్చిన నాయనమ్మ పిండి చేతులతో ఆ నీలిరంగు ఇన్‌లాండ్ ఉత్తరాన్ని ముట్టుకోలేక, మోచేత్తో నన్ను ముందుకు తోసింది. ఖరగ్‌పూర్ నుంచి వచ్చింది. రైల్వే వర్క్‌షాపులో పని దొరికిందని, అక్కడ మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారని, అన్నానికి ఇబ్బంది లేదని, నాన్నగారికి నమస్కారాలని రాశాడు బాబాయి. నాయనమ్మ మొత్తం వినేసి, "ఇవాళ నేనేమీ అడగలేదే" అంది, ఎవరితోనో అన్నట్టు. తరువాత గుమ్మంలో అలాగే కూలబడి ఏడ్చింది. అరుగు మీది మంచం నుంచి తాతయ్య లేవలేదు. కొంతసేపటికి నన్ను పిలిచి, లోపలి సంగతులు వద్దని, పైన రాసిన చిరునామా ఒక్కటే చదవమన్నాడు. చదివాను. మరొకసారి చదవమన్నాడు. ఉత్తరం ఆ సాయంత్రం నుంచి కనిపించలేదు. నాయనమ్మ చాలా రోజులు వెతికింది.

ఉద్యోగరీత్యా వరంగల్లులో ఉన్న రోజుల్లో ఒకసారి పోతనగారి ఊరు బమ్మెర వెళ్లాను. ఆ కవి గురించి పెద్దలు చెప్పే ఒక ఐతిహ్యం అక్కడ గుర్తుకు వచ్చింది. "అల వైకుంఠపురంబులో" అని మొదలుపెట్టి, ఆ నగరాన్ని ఎలా వర్ణించాలో తోచక ఘంటం కింద పెట్టి బయటకు వెళ్తే, రాముడే ఆయన రూపంలో వచ్చి ఆ పద్యం పూరించి వెళ్లాడట. గజేంద్రుడు పిలిచిన పిలుపుకు, దేవుడు సిరికి కూడా చెప్పకుండా పరుగెత్తిన పరుగుకు మధ్య ఉన్న పద్యం అది. కవి కూడా ఆగి చూసిన చోటు అదేనన్నమాట. పొలాల గట్టు మీద నిలబడి చాలాసేపు తాతయ్యను తలచుకొన్నాను.

ఆ మధ్యాహ్నం అటక కింద కూర్చొని, ముక్కుపొడి వాసన ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవాలని ఎనిమిదవ స్కంధం తెరిచాను. ఆ పుటలు రుక్మిణీ కల్యాణంలా వాటంతట అవి తెరుచుకోలేదు, వేలితో విడదీయవలసి వచ్చింది. "కలడో లేడో" పద్యం మీద, నాలుగు మడతలు పెట్టిన నీలిరంగు ఇన్‌లాండ్ ఉత్తరం ఉంది. మడతల మీద గోధుమరంగు వేలిముద్రలున్నాయి. విప్పితే అంచుల నుంచి సన్నని పొడి నా చీర మీద రాలింది. తమ్ముడు వెనుక నుంచి, "ఏం దొరికిందక్కా?" అని అడిగాడు. బాబాయి ఉత్తరం అని చెప్పాను. చిరునామా ఒకసారి పైకి చదివి, ఎలా ఉన్నదాన్ని అలా మడిచి, ఆ పద్యం మీదే పెట్టి పుస్తకం మూశాను.